ఉచితపు టిక్కెట్టు

నాలుగేళ్ల కిందట దసరా సెలవులకు వచ్చిన మా మనవరాలు తన కంప్యూటరులో ఏదో పాత బొమ్మల సినిమా చూస్తూ, మధ్యలో ఆపి, నావైపు తిరిగి అడిగింది:

"తాతయ్యా, ఈ పిల్లలు ఇంత అల్లరి చేస్తున్నారు గదా, వీళ్లను ఎవరూ కొట్టరేం?"

నేను ముప్పై ఆరేళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. అల్లరికి లోకం ఏ మందు వాడుతుందో నాకు తెలుసు, నేనూ వాడాను. అయినా జవాబు తోచలేదు. "అది బొమ్మల కథ కదమ్మా" అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు. పెదవి విరిచి మళ్లీ సినిమా నడిపించుకుంది. నేను పక్కన కూచుని ఆ చిత్రాన్ని మొదటినుంచీ చివరిదాకా మూడుసార్లు చూశాను. చూసినకొద్దీ 1974 నాటి ఒక మధ్యాహ్నం గుర్తుకు వచ్చి మనస్సు కలుక్కుమన్నది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఈ పత్రిక చదివేవారిలో ఉపాధ్యాయులు చాలామంది వున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

ముందు సినిమా సంగతి. దాని పేరు 'మికీస్ సర్కస్'. ఎనిమిది నిమిషాల రంగుల చిత్రం. 1936 ఆగస్టులో అమెరికాలో విడుదలైంది. ఇలాంటి పొట్టి చిత్రాలను అప్పట్లో హాళ్లలో పెద్ద సినిమాకు ముందు వేసేవారు. టెలివిజను ఇంకా ఇళ్లలోకి రాలేదు. తయారు చేసింది వాల్ట్ డిస్నీ స్టూడియో. దర్శకుడు బెన్ షార్ప్‌స్టీన్. ఈ దర్శకుడి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. మికీ ఎలుక రింగు మాస్టరు. డొనాల్డ్ బాతు కెప్టెన్ బిరుదు తగిలించుకుని సముద్రసింహాలను ఆడించటానికి వస్తాడు. అవి ఆయనను తొక్కుకుంటూ రింగులోకి వస్తాయి. వాటి దృష్టి ఆట మీద లేదు, చేపల బుట్ట మీద వుంది. ఒక విద్య చేస్తే ఒక చేప. కూలిరేటు ఇంత స్పష్టంగా తెరమీద కనిపించే సర్కసు నేను మరొకటి చూడలేదు. వాటిలో చిన్నదొకటి విద్య చెయ్యకుండానే చేప కావాలంటుంది. దానితో కెప్టెనుగారికి పూనకం వస్తుంది. ఇంతలో గ్యాలరీలోని పిల్లలు ఊరుకోరు. ఆట చూడటానికి వచ్చినవాళ్లు ఆటలో వేలు పెడతారు. తీగె మీద ఎక్కిన ఎలుకనూ బాతునూ కిందనుంచి నానా యాతనలు పెడతారు. చివరికి ఇద్దరూ సముద్రసింహాల తొట్టిలో పడతారు. అక్కడితో సమాప్తం. ఎవరూ ఎవరికీ బుద్ధి చెప్పరు. మా మనవరాలి సందేహం న్యాయమైనదే.

అయితే ఈ పిల్లలు ఎవరు? వాళ్లు అనాథలు. గ్యాలరీ నిండా అనాథ ఎలుకపిల్లలే. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు ఆ డేరాలో ఒక్కడు కూడా లేడు. వాళ్లకిది ఉచిత ప్రదర్శన.

ఇది యాదృచ్ఛికం అనుకోవటానికి వీల్లేదు. రెండేళ్లు ముందు, 1934 ఆగస్టులో, అదే స్టూడియో 'ఆర్ఫన్స్ బెనిఫిట్' అనే చిత్రం తీసింది. అక్కడా ఇదే ఎలుకపిల్లల దండు. అక్కడా అనాథల సహాయార్థం వినోద ప్రదర్శన. డొనాల్డ్ బాతు వేదిక ఎక్కి చిన్నపిల్లల పద్యాలు అప్పజెప్పబోతాడు. పిల్లలు పడనివ్వరు. వెక్కిరిస్తారు, వస్తువులు విసురుతారు, ఆయన ఎగిరెగిరి పిడికిళ్లు ఝళిపిస్తాడు. బాతు అంతకు రెండు నెలల ముందే మరొక చిత్రంలో తొలిసారి కనిపించింది. కాని ఆ కోపం, ఆ గెంతులు, ప్రపంచమంతా నవ్వుకున్న ఆ స్వభావం స్థిరపడింది ఈ అనాథల ముందే. కాబట్టి ఆ బాతును ప్రసిద్ధుణ్ణి చేసింది తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన పిల్లలే అనవచ్చు.

1934, 1936 అంటే అమెరికాలో ఎలాంటి రోజులో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1933లో పనిచేసేవారిలో నాలుగో వంతుమందికి పని లేదు. రొట్టె కోసం, చారు కోసం వరసలో నిలబడటం జనానికి అలవాటైపోయింది. వరసలో నిలబడినవాడికి కడుపు నింపుకోవటంతోపాటు మరొక పని కూడా వుంటుంది: తల వంచి కృతజ్ఞత తెలుపుకోవటం. దానం తీసుకున్నవాడు చెల్లించే వెల అది. సరిగ్గా ఆ రోజుల్లో, దానం పుచ్చుకుని వెల చెల్లించని పిల్లలను తెరమీద చూసి హాళ్లు హాళ్లే విరగబడి నవ్వాయి. ఎందుకు నవ్వాయంటే పిల్లల అల్లరి ముద్దుగా వుంటుంది కాబట్టి అని సమాధానం చెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. ముద్దు కోసమైతే ఆ పిల్లలకు తల్లిదండ్రులుంటే సరిపోయేది. అనాథలనే ఎందుకు పెట్టారు? వాళ్లు తల వంచాలని అందరూ ఎదురుచూసేవాళ్లు కాబట్టి. వంచకపోవటమే అక్కడ హాస్యం.

ఇక నా సంగతి.

1974లో నేను గుంటూరు జిల్లాలో ఒక పట్టణంలో ఎయిడెడ్ పాఠశాలలో పనిచేస్తున్నాను. వయస్సు పాతికేళ్లు. ఆ యేడు చలికాలంలో ఊరికి సర్కసు వచ్చింది. ఊళ్లోని వర్తకులు కొందరు కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట మొత్తం కొనేసి, ఊరిచివర వున్న అనాథశరణాలయం పిల్లలకు చూపించ తలపెట్టారు. శరణాలయంలో పెద్దవాళ్లు చాలక, పిల్లలను తీసుకువెళ్లి తీసుకువచ్చే బాధ్యత మా బడిమీద పడింది. బడిలో నామీద పడింది. నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఒక కాగితం పొట్లం, అందులో కాసిని మరమరాలు, రెండు బిస్కట్లు.

ఇంతేనా అంటే, ఇంతే కాదు. ఆట మధ్యలో దాతల సంఘం అధ్యక్షుడుగారు మాట్లాడతారనీ, ఆ తరవాత పిల్లల్లో ఒకడు మైకు ముందుకు వచ్చి కృతజ్ఞతలు చెప్పాలనీ ముందే నిర్ణయమైపోయింది. ఆ నాలుగు వాక్యాలు రాసి ఇచ్చినవాణ్ణి నేనే. చాలా మంచి వాక్యాలు. 'కరుణాసముద్రులు' అనే మాట కూడా వేశాను. తొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి ఒకణ్ణి ఎంచి, రెండు రోజులు వల్లె వేయించాను. వాడిది గంట లాంటి గొంతు. నన్ను చూస్తే భయం కూడా వుండేది. ఈ రెండో అర్హతే నాకు ముఖ్యంగా కనిపించింది కాబోలు.

ఆట మొదలైంది. ఏనుగు స్టూలు మీద కూచున్నది. జోకర్లు ఒకరి వెనక ఒకరు తన్నుకున్నారు. మా పిల్లలు మాత్రం చేతులు కట్టుకుని కూచున్నారు. అలా కూచోబెట్టింది నేనే. సోఫాల్లో వున్న పెద్దలు వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా పిల్లలు బుద్ధిగా కనిపించాలి గదా. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో నేను చెయ్యి ఎత్తి సైగ చేసేవాణ్ణి. సర్కసులో ఒక రింగు మాస్టరు రింగులో వుంటే, రెండోవాడు గ్యాలరీలో వున్నాడన్నమాట.

తరవాత ఒక పిల్ల తీగె మీద నడిచింది. పదేళ్లు దాటి వుండవు. తళుకుల గౌను, మొహానికి దట్టంగా పౌడరు, చేతిలో గొడుగు. ఎటువైపూ చూడలేదు, నవ్వలేదు. దిగింది, చెయ్యి పైకెత్తింది, డేరా స్తంభం పక్కకు పోయి నిలబడ్డది. మా పిల్లలు ఏనుగుకు కొట్టినట్టుగా ఆమెకు చప్పట్లు కొట్టలేదు. తమ యీడుదాన్ని చూసి నోళ్లు తెరుచుకుని వుండిపోయారు. ఆ రోజుల్లో సర్కసుల్లో అటువంటి పిల్లలు ఎందరో వుండేవారు. 2011 ఏప్రిల్‌లో గాని సుప్రీంకోర్టు సర్కసుల్లో పిల్లలను పనిలో పెట్టటాన్ని నిషేధించవలసిందిగా ప్రభుత్వాన్ని ఆదేశించలేదు.

అధ్యక్షుడుగారు ఉపన్యసించారు. "అందుచేత నేను చెప్పొచ్చేదేమంటే" అనేది ఆయన ఊతపదం. చెప్పొచ్చేది చెప్పకముందు ఒకసారి, చెప్పినాక ఒకసారి గొంతు సవరించుకునేవారు. దానగుణం గురించి, పూర్వజన్మ సుకృతం గురించి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఈ రోజును మరవకూడదని ఇరవై నిమిషాలు చెప్పారు. ఏనుగు కూడా అసహనంగా కాళ్లు మార్చింది.

మా కుర్రవాడు మైకు దగ్గరికి వెళ్లాడు. మొదటి వాక్యం చక్కగా చెప్పాడు. 'కరుణాసముద్రులు' దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. నేను వరసలోంచి పెదవులు కదిపి అందించబోయాను. వాడు నావైపు చూడలేదు. గొంతు సవరించుకున్నాడు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకున్నాడు. "అందుచేత నేను చెప్పొచ్చేదేమంటే" అన్నాడు. మళ్లీ గొంతు సవరించుకున్నాడు. అధ్యక్షుడుగారి గొంతు, ఆయన నిలబడే తీరు, చివరికి బొజ్జ కూడా ఎలా తెచ్చాడో తెచ్చాడు. ఒక్క క్షణం డేరా నిశ్శబ్దం. ఆ తరవాత మా నలభైమందీ కట్టుకున్న చేతులు విప్పారు. నవ్వు ఎలాంటిదంటే, గ్యాలరీ పలకలు అదిరాయి. పొట్టి జోకరు ఒకాయన టోపీ తీసి మావాడికి సలాము చేశాడు. డేరా తాళ్లు పట్టుకుని వున్న పనివాళ్లు నవ్వారు. స్తంభం దగ్గర నిలబడ్డ పిల్ల, ఆ పౌడరు మొహం పిల్ల, అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సోఫాల్లోని వాళ్లు మాత్రం నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

డేరా వెనక్కి తీసుకుపోయి వాణ్ణి కొట్టాను. ఒక్క దెబ్బ కాదు. కొడుతూ అన్న మాట కూడా జ్ఞాపకముంది: "తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా!"

ఇక్కడ పాఠకులకు ఒక విషయం మనవి చెయ్యాలి. అప్పటికి రెండేళ్లుగా నేను ఉపాధ్యాయ సంఘంలో పనిచేస్తున్నాను. మా యాజమాన్యం మాచేత ఒక మొత్తానికి సంతకాలు పెట్టించుకుని చేతికి మరొక మొత్తం ఇచ్చేది. ఆ కాలం ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. దాన్ని అడిగినందుకు ఆ సంవత్సరమే మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి అన్నమాట అదే: ఉద్యోగమిచ్చి కూడు పెడితే తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు, అని. ఆ మాటమీద నేను గేటు దగ్గర సభలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. జీతం భిక్ష కాదన్నాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ తరవాత నాలుగు నెలలు తిరక్కుండా అదే మాట, అదే గొంతుతో, తొమ్మిదేళ్ల పిల్లవాడి మీద వాడాను. మేనేజరు దగ్గర నేర్చుకున్న పాఠం నాకు అంత బాగా వంటబట్టింది. అప్పట్లో ఈ రెంటికీ సంబంధం వుందని నాకు తట్టనైనా తట్టలేదు.

మళ్లీ ఆ సినిమాకు వద్దాం. ఎందుకంటే నా కథకూ, దాన్ని తయారు చేసిన ఆ స్టూడియో కథకూ పోలిక వుంది.

'మికీస్ సర్కస్' మొదట్లో తెరమీద కనిపించే మనిషి పేరు ఒకటే, వాల్ట్ డిస్నీది. షార్ప్‌స్టీన్ పేరు కూడా వుండదు. ఎనిమిది నిమిషాల చిత్రమంటే, సెకనుకు ఇరవై నాలుగు చొప్పున, పదకొండు వేలకు పైగా ఫ్రేములు. ముఖ్యమైన భంగిమలు ఒకరు గీస్తారు. వాటి మధ్య భంగిమలు మరొకరు పూరిస్తారు. ఆ బొమ్మలను పారదర్శకమైన సెల్యులాయిడు రేకుల మీదికి సిరాతో ఎక్కించేవాళ్లు వేరు. రేకు వెనకవైపు రంగులు నింపేవాళ్లు వేరు. ఈ సిరా పని, రంగుల పని చేసేవారు దాదాపు అందరూ ఆడవాళ్లు. పేరున్న కళాకారుడికి వారానికి రెండు మూడు వందల డాలర్లు ముట్టే చోట, రంగులు నింపే అమ్మాయికి ఇరవై డాలర్లకు అటూ ఇటూగా ముట్టేది.

ఈ సెల్యులాయిడు రేకు కథ చెప్పుకోదగ్గది. దానికి 1914లో పేటెంటు దరఖాస్తు పెట్టినవాడు ఎర్ల్ హర్డ్ అనే చిత్రకారుడు. నేపథ్యాన్ని ప్రతిసారీ మళ్లీ గియ్యకుండా, ఒకసారి గీసి కింద పెట్టి, కదిలే బొమ్మను మాత్రం రేకుమీద గీసి పైన పరిచే ఉపాయం ఆయనది. ఆయన సృష్టించిన బొమ్మ బాబీ బంప్స్ అనే అల్లరి పిల్లవాడు, వెంట ఒక కుక్క. వాణ్ణి కూడా 1916లోనే సర్కసుకు తీసుకువెళ్లాడు. అల్లరి పిల్లవాడూ, సర్కసూ, సెల్యులాయిడు రేకూ ఒక్క చేతిమీదుగా వచ్చాయన్నమాట. హర్డ్, జాన్ బ్రే అనే వ్యాపారవేత్తతో కలిసి కంపెనీ పెట్టి, 1930 దశకం మొదట్లో గడువు తీరేదాకా ఇతర స్టూడియోల దగ్గర రుసుం వసూలు చేశాడు. ఆ తరవాత అదే హర్డ్ డిస్నీ స్టూడియోలో జీతగాడుగా చేరి, 'స్నో వైట్' కథారచన చేసిన బృందంలో ఒకడై, 1940లో చనిపోయాడు. ఒక పనిముట్టు కనిపెట్టినవాడు అదే పనిముట్టు నడిచే కార్ఖానాలో ఉద్యోగిగా ముగియటం మన పాఠకులకు ఆశ్చర్యం కలిగించదనుకుంటాను.

'స్నో వైట్' 1937 డిసెంబరులో వచ్చి డబ్బు కురిపించింది. ఆ డబ్బుతో బర్‌బ్యాంక్‌లో కొత్త స్టూడియో కట్టారు. యుద్ధం వచ్చి యూరపు మార్కెట్టు మూతపడ్డది. 1940లో తీసిన 'పినోకియో', 'ఫాంటేజియా' నష్టపోయాయి. పనివాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1941 ఫిబ్రవరిలో డిస్నీ అందరినీ హాలులో సమావేశపరిచి, తాను ఇరవై ఏళ్లపాటు పడిన కష్టాలు, చేసిన అప్పులు, వాళ్లకోసం చేసిన సౌకర్యాలు ఏకరువు పెట్టాడు. ఆ ప్రసంగపాఠం చదివినప్పుడు నాకు అధ్యక్షుడుగారి గొంతు సవరింపు వినిపించింది. చెప్పొచ్చేదేమంటే, ఇంత చేస్తే మీకు కృతజ్ఞత లేదా అని.

మే నెలాఖరులో ఆర్ట్ బాబిట్‌నూ, సంఘంలో వున్న మరికొందరినీ తీసేశారు. బాబిట్ తక్కువ జీతగాడు కాదు. గూఫీ అనే బొమ్మకు నడక నేర్పిన పేరున్న కళాకారుడు. తనకంటే కిందివాళ్ల కోసం నిలబడ్డాడు. మే 29న సమ్మె మొదలైంది. మూడు వందల మందికి పైగా గేటు బయట నిలబడ్డారు. బొమ్మలు గీయటమే వృత్తి అయినవాళ్లు కాబట్టి వాళ్ల ప్లకార్డులు చూడముచ్చటగా వుండేవి. స్టూడియో బొమ్మలనే స్టూడియో మీదికి తిప్పారు. జూలైలో డిస్నీ ఒక సినిమా పత్రికలో ప్రకటన వేయించి, ఇదంతా కమ్యూనిస్టుల ప్రేరేపణ అన్నాడు. ఆగస్టులో దక్షిణ అమెరికా పర్యటనకు వెళ్లిపోయాడు. ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో సంఘానికి గుర్తింపు వచ్చింది. 1947 అక్టోబరులో వాషింగ్టన్‌లో చట్టసభ కమిటీ ముందు కూచుని, పాత సమ్మె నాయకుల పేర్లు చెప్పి ఆయన కక్ష తీర్చుకున్నాడు.

ఒక వింత ఏమంటే, 'ఆర్ఫన్స్ బెనిఫిట్' చిత్రాన్ని పాత గీతల మీదే మళ్లీ గీసి, రంగులు వేసి, రెండోసారి విడుదల చేసింది 1941 ఆగస్టులోనే, సమ్మె ఇంకా తెగకముందే. గేటు లోపలినుంచి కృతజ్ఞత లేని పిల్లల బొమ్మ, గేటు బయట కృతజ్ఞత లేని మనుషులు. విడుదల తేదీలను ఎవరూ కావాలని అలా కలిపి వుండరు. అయినా కలిశాయి.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి పిల్లలు చేసే ప్రతి అల్లరీ తిరుగుబాటేనని నేనంటున్నట్టు ఎవరైనా అనుకుంటే పొరపాటు. అదే 1941 అక్టోబరులో అదే స్టూడియోనుంచి 'డంబో' వచ్చింది. అది పెద్ద చిత్రం. అదీ సర్కసు కథే. పర్యవేక్షక దర్శకుడు మన షార్ప్‌స్టీనే. అందులోనూ సర్కసు చూడవచ్చిన ఒక అల్లరి పిల్లవాడున్నాడు. వాడు అనాథ కాడు, ప్రేక్షకుడుగా వచ్చినవాడు. పెద్ద చెవుల ఏనుగుగున్నను చూసి వెక్కిరిస్తాడు, చెవి పట్టి లాగుతాడు. తల్లి ఏనుగు వాణ్ణి తొండంతో పట్టి నాలుగు తగిలిస్తుంది. వెంటనే కొరడాలు వస్తాయి, తాళ్లు వస్తాయి, తల్లిని పిచ్చిదని చెప్పి బండిలో సంకెళ్లు వేసి పడేస్తారు. పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. వాడిదీ అల్లరే. కాని అది తనకంటే బలహీనుణ్ణి ఏడిపించే అల్లరి, వెనక డేరా యజమాని కొరడా వున్న అల్లరి. మా విద్యార్థులు హాస్టలులో కొత్తగా చేరినవాళ్లను ఏడిపించి దాన్ని సరదా అన్నప్పుడల్లా నాకు ఆ పిల్లవాడే గుర్తుకొస్తాడు.

అదే చిత్రంలో రాత్రివేళ, వానలో, డేరా వేసే కూలీల దృశ్యం వుంది. నల్లవాళ్లు. వాళ్లకు మొహాలు గియ్యలేదు. మరోచోట జోకర్లు డేరాలో తాగుతూ, యజమాని దగ్గరికి పోయి జీతం పెంచమని అడుగుదామని నిర్ణయించుకుంటారు. కనిపించేవి వాళ్ల నీడలే. ఆ నీడలు సమ్మె చేసిన కళాకారులను ఎగతాళి చేయటానికి గీసినవని చాలామంది రాశారు. తోటివాడి సమ్మెను ఎగతాళి చేసే బొమ్మ గియ్యటానికి కూడా చేతులు దొరుకుతాయి. ఇది బొమ్మల లోకానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు.

చిలీలో అయెందే ప్రభుత్వం వుండగా, 1971లో, డార్ఫ్‌మన్, మాత్తెలార్ అనే ఇద్దరు డొనాల్డ్ బాతు కథల మీద ఒక చిన్న పుస్తకం రాశారు. 1973 సెప్టెంబరు సైనిక కుట్ర తరవాత దాన్ని తగలబెట్టారు. డిస్నీ లోకంలో తల్లిదండ్రులుండరు, బాబాయిలూ మేనమామలే వుంటారు. పుట్టుక లేదు, శ్రమ లేదు, వున్నది ఆజ్ఞ ఒక్కటే, అని వాళ్ల వాదం. వాళ్లు పరిశీలించింది అచ్చు బొమ్మల పుస్తకాలను. వాటి విషయంలో వాదం చాలావరకు సరైనదే. అయితే ఈ రెండు పొట్టి చిత్రాల అనాథలు ఆ చట్రంలో ఇమడరని నాకనిపిస్తుంది. ఆజ్ఞ వింటున్నట్టు ఒక్క క్షణమైనా నటించరు. యజమాని ఎంత గట్టివాడైనా, వందలమంది చేతులమీదుగా పోయే పనిలో ఎవరో ఒకరు తమ మనస్సులో వున్నది కాస్త జారవిడుస్తారు.

లోపం లేదా అంటే వుంది. పిల్లల దెబ్బలన్నీ ఎవరిమీద పడతాయి? బాతు మీద. బాతు మాత్రం ఎవరు? పొట్టకూటికి విద్య ప్రదర్శించేవాడు, సముద్రసింహాల సాటి కూలి. ఉచితపు టిక్కెట్టు ఇచ్చిన దాత ఎక్కడ? సినిమా ఎన్నిసార్లు చూసినా ఆయన కనిపించడు. ఆయన సోఫా తెరమీద ఎక్కడా లేదు. తొమ్మిదేళ్ల మా కుర్రవాడు ఈ విషయంలో ఆ స్టూడియో వాళ్లకంటే గురి తెలిసినవాడు. వాడు జోకరు జోలికి పోలేదు, తీగె మీది పిల్ల జోలికి పోలేదు. తిన్నగా సోఫాకే గురిపెట్టాడు. అందుకనే కాబోలు జోకరు టోపీ తీశాడు.

వాడు తరవాత ఏమయ్యాడో చెప్పలేను. మరుసటి వేసవిలో నాకు బదిలీ అయింది. శరణాలయంలో రెండేళ్ల తరవాత అడిగితే, ఏదో మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాడన్నారు. క్షమాపణ చెప్పుకునే అవకాశం నాకు దొరకలేదు, దొరికివుంటే చెప్పేవాణ్ణా అన్నది వేరే సంగతి. అప్పటికి నేను తప్పు చేశానని నాకు తెలియదు.

ఆ సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. ఆట అయిపోయాక పిల్లలను జంటలుగా నిలబెట్టి, కాలవగట్టు వెంట శరణాలయానికి నడిపించుకుంటూ వస్తున్నాను. నేను ముందు. దెబ్బలు తిన్నవాడు చిట్టచివర. ఎవరూ మాట్లాడటం లేదు. మరమరాల పొట్లాలు చప్పుడవుతున్నాయి. సగం దారిలో వెనకనుంచి సన్నగా నవ్వు మొదలైంది. చివరి జంటలోంచి ముందు జంటకు, అక్కడినుంచి ఆ ముందు జంటకు పాకుతూ వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను, డేరాలో ఎత్తినట్టే. నవ్వు ఇంకా ఎక్కువైంది. అప్పుడు తెలిసింది, వెనక వాడు నా నడకే నడుస్తున్నాడని, నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా వాడూ ఎత్తుతున్నాడని. చెయ్యి దించేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. శరణాలయం గేటుదాకా అలాగే నడిచాం.